మా మావయ్య టెలిఫోన్ పార్టీ

పోయిన ఆదివారం బర్మాలో, మా రేవు పట్నం లమ్మడా పేటలో, మా గుడి హాల్లో నిశ్చితార్థం భోజనాలు జరుగుతుండగా కరెంటు పోయింది. కాసేపటికి ఫోన్లు కూడా పలకడం మానేశాయి. ఈ మధ్య రెండూ జంటగానే పోతున్నాయి కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. వడ్డించేవాళ్లు గుడ్డి వెలుతురులోనే చారు తెచ్చారు. నా పక్కన కూర్చున్న మా చెల్లెలి కొడుకు తన ఫోనును నడుముకు చుట్టిన లోంజీ మడతలో దోపుకుంటూ, "మా తాత పార్టీ ఉండుంటే ఇప్పుడు బాగున్ను. మనుషుల్లేకపోయినా ఆలకి టెలిఫోనుండీది. కార్లేకపోయినా పెట్రోలుండీది!" అన్నాడు. వరసంతా నవ్వింది. ఎదురుగా ఉన్న పెద్దాయనొకాయన, "ఆ మాట నువ్వు కనిపెట్టింది కాదురా, మీ తాతే సెప్పీవోడు" అన్నాడు. అలవాటుకొద్దీ నేనూ నవ్వబోయాను. చారు కలుపుతున్న చెయ్యి ఆపేశాను. ఆ మాట వాడి తాతది, అంటే మా మావయ్యది, కాదు. ఇన్నేళ్లుగా ఆయన పేరు మీద తిరుగుతున్న ఆ వేళాకోళం పుట్టించింది నేను.

మావయ్య అంటే మా అమ్మకు అన్న. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. మావయ్య రేవు దాటి ఓడెక్కాడు. సగం జీవితం ఓడల ఇంజను గదుల్లో గడిపి, ఒక చెవి వినికిడి అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. అందుకే ఇంట్లో కూడా ఎదుటివాడు నదికి అవతల దలాలో ఉన్నట్టు కేకేసి మాట్లాడేవాడు. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. సాసరు ఖాళీ అయ్యేలోగా ఇటలీ కథ వచ్చి తీరేది. ఆయన ఓడలో వంటవాడొకడు ఉండేవాడట. పాస్‌పోర్టు చూస్తే ఇటలీ, నోరు తెరిస్తే జర్మన్. ఒకసారి ఓడ మరమ్మతుకని ఇటలీ రేవులో ఆగిపోతే ఆ వంటవాడు మావయ్యను ఉత్తరాన కొండల్లో ఉన్న తన ఊరికి తీసుకెళ్లాడు. అక్కడ వీధుల పేర్లు రెండు భాషల్లో ఉన్నాయట. బడిలో పిల్లలు ఇంటి భాషలోనే లెక్కలు చెప్పుకుంటున్నారట. వాటన్నిటికంటే మావయ్యకు నచ్చింది ఆ జర్మన్ మాట్లాడేవాళ్లు పెట్టుకున్న పార్టీ ఆఫీసు. రొట్టెల దుకాణం మీద ఒక చిన్న గది, తీసి ఉన్న తలుపు. ఆవు తప్పిపోయినవాడూ, పింఛను రానివాడూ ఆ మెట్లెక్కి లోపలికి వెళ్లి కూర్చునేవారట. మావయ్య దాన్ని చెప్పే పద్ధతి చూస్తే స్వర్గానికి వెళ్లి రొట్టె వాసన పీల్చుకుని వచ్చినట్టుండేది. "ఏటి, మళ్లీ జర్మనీవోళ్లేనా?" అని అత్త విసుక్కునేది. "జర్మనీవోళ్లు కాదే, జర్మన్ మాటాడీవోళ్లు. మనలాగే. కార్డొకటి, నోరొకటి" అని ఆయన దిద్దేవాడు.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో ఒకే పార్టీ ఏలుబడి మీద తిరగబడి ఊరంతా వీధుల్లోకి వచ్చింది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. నేనూ అరిచాను, నేనూ పరిగెత్తాను, ఆ వివరాలు అందరికీ తెలిసినవే. తర్వాత సైన్యం వచ్చింది. కాలేజీలు మూతబడ్డాయి, రాత్రి కర్ఫ్యూ పెట్టారు, నలుగురైదుగురు ఒకచోట చేరితే నేరమైంది. విచిత్రమేమిటంటే ఎన్నికలు జరుపుతాం, పార్టీలు పెట్టుకోండని చెప్పింది కూడా ఆ సైనిక ప్రభుత్వమే. పెట్టుకున్న పార్టీకి ఒక టెలిఫోనూ కొంత పెట్రోలూ ఇస్తామంది. ఫోను కోసం జనం ఏళ్లకేళ్లు ఎదురుచూసే ఊళ్లో వీధికో పార్టీ మొలిచింది. మావయ్య కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని, మావాళ్ల పార్టీ నమోదు చేయించడానికి చౌక్తడా పేటలోని ఆఫీసుకు వెళ్లాడు, నన్ను తోడు తీసుకుని. అక్కడి గుమాస్తా మా సభ్యుల పేర్లన్నీ చూసి నవ్వాడు. "ఊలే, పెద్దాయనా, తెలుగువాళ్ల పార్టీ అన్నారు. ఇందులో ఒక్క తెలుగువాడూ లేడే?" అన్నాడు. నిజమే. మా వాళ్లందరికీ గుర్తింపు కార్డు మీద బర్మా పేరు ఉంటుంది, ఇంట్లో అప్పలనాయుడో, సింహాచలమో ఉంటుంది. బయట ఆ ఇంట్లో పేరుతో పిలిస్తే కొందరు అసలు వెనక్కి తిరిగి చూడరు. మావయ్య గుమాస్తా బల్ల ముందు నిలబడి, తనకు అలవాటైన గొంతుతో ఒక్కొక్కరి రెండో పేరూ చెప్పుకుంటూ పోయాడు. ఏదీ చూసి చదవలేదు. ఆఫీసంతా పని మానేసి విన్నది. నాకు తల తీసేసినట్టయింది.

మా మూడో అంతస్తు ముందు గది పార్టీ ఆఫీసైంది. కింద రొట్టెల దుకాణం లేదు, ఉప్పుచేపల గోదాము ఉంది, వాసనకేం లోటు లేదు. ఈ ఊళ్లో ప్రతి ఇంటి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది, చివర క్లిప్పు, పైన చిన్న గంట. కింద నుంచి లాగితే గంట మోగుతుంది. పని ఉన్నవాళ్లు ఆ తాడు లాగేవారు. నల్లటి ఫోను వచ్చింది. పెట్రోలు తీసుకోవడానికి మావయ్య ఎప్పుడూ వెళ్లలేదు. మాకు సైకిలు తప్ప ఏముంది? ఇక ఫోను సంగతి. పిల్లలు కనిపించకుండా పోయిన తల్లులు వచ్చి ఆ గదిలో కూర్చునేవారు. మావయ్య ఒక్కో ఠాణాకీ, ఆసుపత్రికీ ఫోను చేసి, "నేను ఫలానా పార్టీ నుంచి మాట్లాడుతున్నాను" అని గట్టిగా అడిగేవాడు. పార్టీలకు ఎంత మర్యాద ఇవ్వాలో ఇంకా ఎవరికీ తెలియని రోజులవి. అవతలివాడు భయానికైనా వెతికి చెప్పేవాడు.

పోలీసులు నన్నూ పట్టుకెళ్లినప్పుడు నా జేబులో కార్డు లేదు. వాళ్ల దగ్గరున్న కాలేజీ కుర్రాళ్ల జాబితాలో దొరక్కూడదని ఠాణాలో ఇంట్లో పేరు చెప్పాను, అమ్మ పిలిచే పేరు. మావయ్య నా బర్మా పేరుతో ఊరంతా వెతికాడు. అలాంటివాడు మా దగ్గర లేడని అందరూ నిజమే చెప్పారు. అమ్మ అన్నం మానేసింది. ఒక సాయంత్రం మావయ్య ఫోను పెట్టేసి అలాగే కూర్చుండిపోయి, ఉన్నట్టుండి, "ఆడు నా మేనల్లుడు. నానైతే ఏ పేరు సెప్పీవోణ్ని?" అన్నాడట. మళ్లీ మొదటి ఠాణా నుంచి మొదలుపెట్టి ఇంట్లో పేరుతో అడిగాడు. దొరికాను. కొన్నాళ్లకు వదిలారు.

ఆ తర్వాత టీ దుకాణంలో స్నేహితులతో కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర తెలియనివాడొకడు అదే టీని చాలాసేపటి నుంచి తాగుతున్నాడు. "ఏటిరా, మీ మావది పార్టీయట గదా?" అని ఒకడు అడిగాడు. పక్క బల్లవాడు పోలీసుల చెవి కావచ్చు. నాకు రాజకీయాలతో సంబంధం లేదని ఆ తెలియనివాడికి వినిపించాలి. "పార్టీయా? మనుషుల్లేరు, టెలిఫోనుంది. కార్లేదు, పెట్రోలుంది" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. తెలియనివాడు కూడా నవ్వి, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. బతికిపోయాననుకున్నాను. మాట మాత్రం వాడితో వెళ్లిపోలేదు. వారం తిరిగేలోగా దలా పడవల్లో వినిపించింది.

తాడు లాగేవాళ్లు తగ్గారు. ఒక మధ్యాహ్నం నేను గదిలోనే ఉన్నాను. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న అత్త కిందికి వంగి, "ఓలమ్మా, గంట లాగకుండా అలగ నిలబడిపోయేవేటి? పైకి రా" అని పిలిచింది. కింద దలా నుంచి వచ్చిన ఒకావిడ, కొడుకు చొక్కా చేతిలో పట్టుకుని ఉంది. "వొద్దులే తల్లీ. పెట్రోలు పార్టీవోళ్లు మా గోడేటి ఇంటారు" అని రేవు వైపు నడిచింది. అత్త నన్ను తరిమింది. నేను మెట్లు దిగేసరికి పడవ జనంలో ఆవిడ కలిసిపోయింది. ఆవిడ కొడుక్కి ఏమైందో, ఏ పేరుతో ఎక్కడున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అత్త మావయ్యతో ఏం చెప్పిందో నేను వినలేదు. ఉగాదికి గుడిలో పచ్చడి పంచుతుండగా ఒకాయన, ఆ మాట ఎవడన్నాడో తెలిస్తే పళ్లు రాలగొడతానన్నాడు. మావయ్య చేతిలోని దొన్నె కింద పెట్టి, "నానే అన్నాను. మనుషుల్లేరు, టెలిఫోనుంది. తప్పేటి?" అని, తన రేవు గొంతుతో హాలంతా మోగేలా మళ్లీ చెప్పి నవ్వాడు. నా వైపు చూడలేదు. ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి, పోయాయి. చిన్న పార్టీలతోపాటు మాదీ కొట్టేశారు, ఫోను పట్టుకుపోయారు. మావయ్య మాత్రం పోయేవరకూ ఆ వేళాకోళాన్ని తనదిగానే చెప్పుకున్నాడు. నేను పక్కనే కూర్చుని నవ్వేవాణ్ని.

ఇదంతా ఆదివారం నాడు విస్తరి ముందు కూర్చుని మా చెల్లెలి కొడుక్కి చెప్పాను. వరసలో వాళ్లూ విన్నారు. పెద్దాయన చెయ్యి కడుక్కోకుండా కూర్చుండిపోయాడు. కుర్రాడు ఫోను తీసి చూసుకుని మళ్లీ దోపుకున్నాడు. పట్టుకెళ్లి సైన్యంలో వేస్తారన్న భయంతో వాడి వయసువాళ్లు ఇప్పుడు సాయంత్రమైతే వీధి చివరికి కూడా వెళ్లడం లేదు. తర్వాత మెల్లగా అడిగాడు. "మావా, నన్నట్టుకెళ్తే ఏ పేరుతో అడుగుతావు?"

"రెండు పేర్లతోనూ" అన్నాను.

"నాకు రెండోదుందా?"

ఉంది. పురిట్లో వాళ్లమ్మ పెట్టింది, ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. వాడి చెవిలో చెప్పాను. వాడు దాన్ని ఒకటి రెండుసార్లు తనలో తాను అనుకుని చూసుకున్నాడు. కరెంటు అప్పటికీ రాలేదు. మావయ్య కాలం ఎప్పుడో వెళ్లిపోయిందనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను. ఆ కాలం దలా ఆవిడలాగే మా ఇంటి కింద, గంట లాగాలా వద్దా అనుకుంటూ, ఇంతసేపూ నిలబడి ఉందని ఆ చీకట్లో తెలిసింది.