మొహమాటం లేని మేకలు

మిగతా గార్డుల ఇళ్ళకి లైను మీంచి పనసకాయలు దిగేవి, తేనె దిగేది, అల్లం బస్తాలు దిగేవి. మా ఇంటికి గడ్డి దిగేది. నాన్న గూడ్సుబండి గార్డు. ఎదురుబండి కోసం బండిని ఏ స్టేషన్లో పక్కన పెట్టినా, మిగతావాళ్ళు టీ తాగేవారు. నాన్న మాత్రం రైలుకట్ట దిగి, గడ్డి దుబ్బులు తవ్వి, వేళ్ళకి తడిగోనె చుట్టి బండి చివరన తన బ్రేకువానులో పెట్టుకునేవాడు. రాయపూరులో దిగి నెత్తిన మోపుతో నడిచొస్తుంటే మా రైల్వే క్వార్టర్ల వరసలో పిల్లలు నన్ను, "గేదెని కొన్నారా?" అని అడిగేవారు. గేదె లేదు. నాకు సిగ్గు మాత్రం ఉండేది.

ఈ గడ్డి పిచ్చికి కారణం మా పెరడు. క్వార్టర్ల వరసలో మాది చివరిది. వెనక నేల ఏటవాలుగా కిందున్న నాలాలోకి దిగిపోతుంది. వాన పడ్డప్పుడల్లా నాలా మా పెరట్లోంచి ఒక ముక్క కోసుకుపోయేది. అంతకు ముందేడు చిక్కుడు పందిరి, స్నానాల రాయి రెండూ పోయాయి. అప్పుడో ఆఫీసరు వచ్చి, చేతికర్రతో వంటగోడకీ అంచుకీ మధ్య దూరం కొలిచి, ఇంకో వానాకాలం ఇలాగే కోస్తే ఇల్లు ఖాళీ చెయ్యాలన్నాడు. వేరే క్వార్టరు లేదు. అంటే నాన్న డ్యూటీ గార్డులు పడుకునే రన్నింగురూములో ఉండాలి, మేం విజయనగరంలో తాతగారింటికి వెళ్ళిపోవాలి.

నేను నాలుగో తరగతికి వచ్చాక గాని అమ్మా నాన్నా ఒకే ఇంట్లో ఉండడం చూడలేదు. అంతవరకూ నాన్నంటే సెలవుల్లో వచ్చే చుట్టం. అమ్మ పొద్దున్న లేస్తే రాయపూరు ఎండని తిట్టేది. "ఇదేం ఊరు, పెనం!" అనేది. కాని క్వార్టరు ఖాళీ మాట వస్తే చాలు, ఆ నోరే మూగబోయేది. నాకైతే తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

రాళ్ళతో గోడ కట్టించే తాహతు మాకు లేదు. "రైలుకట్టని ఏది కాస్తది? గడ్డే! మన పెరడునీ గడ్డే కాస్తది," అన్నాడు నాన్న. ఇక వేసవంతా మోసుకొచ్చాడు. పెళ్ళిలో చుట్టాల్ని పరిచయం చేసినట్టు ఒక్కో దుబ్బునీ మాకు చూపించేవాడు. ఇది పార్వతీపురం గరిక, నేలమీద పాకి గట్టిగా పట్టుకుంటుంది. ఇది రాయగడ రెల్లు, మహా మొండిది. ఇదిగో ఇది టిట్లాగఢ్‌ది, పేరు తెలీదు గాని కట్టంతా ఇదే. మహాసముంద్ దగ్గర ఒక వాగు ఒడ్డున తవ్విన వట్టివేరు దుబ్బు మాత్రం ఆ లెక్కలోది కాదు. అది అమ్మ మంచినీళ్ళ కుండలో నాలుగు వేళ్ళు వేసుకుంటుందని తెచ్చింది. అమ్మ దాన్ని చూసి, "చీపురులా ఉంది," అంది. ఆ దుబ్బు వేళ్ళతో సహా పెరటి మూలకి పోయింది.

తొలకరికి గడ్డి చిగిర్చింది. అది నాలా అవతలున్న మేకలకి తెలిసిపోయింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి పార్వతీపురం సగం లేదు. అంచున నిలబడి మేకలావిడ మీద విజయనగరం హిందీలో విరుచుకుపడ్డాడు. "ఏ బాయీ! తుమ్హారా మేకలు హమారా గడ్డి సబ్ తినేసింది!"

ఆవిడ అవతలి గట్టున నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఘాస్ లా ఛేరీ నై ఖాహీ, త కోన్ ఖాహీ?" గడ్డి మేకలు తినకపోతే ఇంకెవరు తింటారట.

అప్పుడు అమ్మ రంగంలోకి దిగింది. రాయపూరు వైపు ఇద్దరు ఆడవాళ్ళు కొబ్బరికాయలు మార్చుకుని స్నేహం కలుపుకుంటే, ఇక జన్మంతా ఒకరికొకరు మితానిన్. పేరు పెట్టి పిలుచుకోరు, మంచీ చెడ్డా ఒకటే. "మితానిన్ పెరట్లో గడ్డి మితానిన్ మేకలు తింటాయేటి? మొహమాటం ఉండదూ?" అంది అమ్మ నాన్నతో. మేకల దగ్గర మొహమాటం ఆశించిన ఇల్లాలిని నేను మళ్ళీ చూడలేదు. మేకలావిడతో కొబ్బరికాయలు మారాయి.

మర్నాడు మేకలు నాలా వైపు నుంచి కాదు, దర్జాగా వీధిగుమ్మంలోంచి వచ్చాయి. వెనకే మితానిన్ నవ్వుకుంటూ, "మోర్ ఛేరీ, తోర్ ఛేరీ!" అంది. నా మేకలు నీ మేకలే. ఇక ఆ మొహమాటమేదో అమ్మకే చుట్టుకుంది. వెళ్ళగొట్టలేక కుడితి కూడా పెట్టింది.

"ఇదేటే! కాపలా కాయమంటే విందు పెట్టేవు?" అన్నాడు నాన్న గుమ్మంలోనే. మబ్బు ముసురుకొస్తోంది. అమ్మ లోపలికెళ్ళి మంచం కింది ప్రయాణాల ఇనప్పెట్టె లాగి దుమ్ము తుడవడం మొదలెట్టింది. నేను కోపం పట్టలేక పెరట్లోకెళ్ళి మేకల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్దమేక నన్ను చూస్తూనే మూలకి వెళ్ళి, వట్టివేరు ఒక కొస కొరికి, మొహం తిప్పి, ఉమ్మేసి పోయింది.

"అమ్మా! దీన్ని తినలేదే!"

అమ్మ తుడుపుగుడ్డతోనే వచ్చింది. పెరడంతా బోడిగుండు, మూల మాత్రం దుబ్బు నిక్కి ఉంది. "అన్నీ మేసిన మహాతల్లి దీన్నొగ్గేసిందేటండీ?" అంది. నాన్న వంగి రెండు చేతులా లాగాడు. దుబ్బు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా లాగి వెనక్కి కూలబడ్డాడు. అమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఆ తరవాత ప్రతి ట్రిప్పులోనూ మహాసముంద్ వాగు ఒడ్డు కొంచెం కొంచెంగా మా ఇంటికొచ్చింది. దుబ్బులు చీల్చి, ఆకు కత్తిరించి, అమ్మా మితానినూ చీరలు ఎగ్గట్టుకుని ఏటవాలుకి అడ్డంగా వరసలు వరసలుగా, వరినాట్లు వేసినట్టు దగ్గరదగ్గరగా నాటారు. మేకలు వచ్చి రుచి చూసి, ఉప్పులేని భోజనం పెట్టినట్టు లేచిపోయాయి.

శ్రావణంలో వాన దంచింది. మేమంతా వంటింటి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. కింద అంచు ఒకచోట జారింది. మొదటి వరస దగ్గర ఆగింది. పైనుంచి కొట్టుకొచ్చిన మట్టి వరసల వెనక పేరుకుంది. వానలు వెలిశాక ఆఫీసరొచ్చి కర్రతో కొలిచి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఖాళీ మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఎండలొచ్చాయి. మా వరసలో ప్రతి కిటికీకీ వట్టివేళ్ళ తడికలు లేచాయి. నాన్న గునపం పట్టుకుని పెరట్లోకి దిగాడు. "ఒక్క వరస తవ్వితే మన కిటికీకి చాలు. ఉక్కపోత ఉక్కపోత అని గోలెట్టేది నువ్వే కదా."

అమ్మ గునపం లాక్కుంది. "ఉక్కపోయనీండి. మీరిక్కడున్నారు కదా."

పెరడంతా వట్టివేరు పెట్టుకుని తడిక లేని ఇల్లు మా వరసలో మాదొక్కటే. మధ్యాహ్నాలు ఒక్క గదిలో, తడిపిన నేల మీద, నాన్నతో సహా అందరం చెమటలు కక్కుతూ పడుకునేవాళ్ళం. ఆ వేసవిలో అమ్మ ఎండని ఒక్కసారి కూడా తిట్టలేదు.