హాల్వర్‌కు కొత్త ఇనుము పడదు

హాల్వర్ చచ్చిపోయినవాళ్ళ ఇనుము తప్ప మరో ఇనుము ముట్టడు. నలభై ఏళ్ళు ఓడల యార్డులో వెల్డింగ్ చేసి రిటైరైన మనిషి. నిగనిగలాడే కొత్త గొట్టం చూపిస్తే మాత్రం ముఖం తిప్పుకుంటాడు. "దీనికింకా లోకం తెలీదు," అంటాడు, పాలుతాగే పిల్లను పనిలో పెట్టుకోమన్నట్టు.

అందుకే మా లోయలో ఎవరు పోయినా పాస్టర్ కంటే ముందు హాల్వర్ చర్చికొస్తాడు. నల్లకోటు, నల్లటోపీ, లోపలి జేబులో కొలిచే టేపు. పేటిక గోతిలోకి దిగుతుంటే నిజంగానే కళ్ళు తుడుచుకుంటాడు. తుడుచుకుంటూనే పక్కవాడి చెవిలో ఊదుతాడు.

"మంచివాడు, పాపం. మంచం ఇనపదేనా?"

"నోరు మూసుకో హాల్వర్."

"కాళ్ళు గుండ్రమా, పలకలా? అదొక్కటి చెప్పు, మళ్ళీ అడగను."

ఆ ఇనుముతో అతను చేసేది బీరు కాచుకునే స్టాండ్లు. క్రిస్మస్‌కు ఇంటి బీరు లేకపోతే మా దగ్గర ఆ ఇంట్లో దీపం లేనట్టే లెక్క. హాల్వర్ స్టాండు మూడంతస్తులు. పైన వేడినీళ్ళు, నడుమ నానిన బార్లీ, అడుగున తీపి రసం పట్టే గంగాళం. పైనుంచి కిందికి అన్నీ వాటంతటవే దిగుతాయి. ఇప్పటికి లోయలో అలాంటివి ఐదున్నాయి. పొగమంచులో దూరం నుంచి చూస్తే, నడిచిపోతూ ఎవరో పిలిస్తే ఆగిన జంతువుల్లా ఉంటాయి.

జనం భయపడేది స్టాండ్లకు కాదు, టేపుకు. పూడ్చిపెట్టడం అయ్యాక, పోయినవాడి భార్యను పలకరించడానికి అందరూ వరసలో నిలబడతారు. హాల్వర్ వంతు రాగానే చేయి కలుపుతాడు, వంగుతాడు, నేలనుంచి ఆమె మోచేతి దాకా టేపు పెడతాడు, సెంటీమీటర్లలో ఓ అంకె గొణుక్కుంటాడు, వెళ్ళిపోతాడు. దాంతో తర్వాత పోయేవాళ్ళను కొలుస్తున్నాడని లోయంతా ఖాయం చేసుకుంది.

"బోర్గిల్‌ను కొలిచాడట!"

"ఎంతొచ్చింది?"

"తొంభై ఎనిమిది."

"అయ్యో. గట్టి మనిషే అనుకున్నానే."

నదికి అవతలి గట్టున ఉండే బోర్గిల్ తిన్నగా ఇంటికెళ్ళి వీలునామా రాసింది. వేరేవాళ్ళు చేస్తే మాడ్చేస్తారని తన అంత్యక్రియలకొచ్చేవాళ్ళకు పెట్టే కేకులు తనే చేసి పెట్టుకుంది. అది జరిగి పదకొండేళ్ళు. కేకులు తనే తినేసింది. ఇప్పుడామెకు తొంభై.

హాల్వర్ పని చేసేది తీరాన ఉన్న పడవల కొట్టంలో. నవంబరులో సూర్యుడు కొండవెనక్కి పోతే మళ్ళీ ఫిబ్రవరిలోనే ముఖం చూపించేది. మధ్యాహ్నం మూడింటికే చీకటి. చెక్కల సందుల్లోంచి నీలివెలుగు తటాలున మెరిసి ఆరిపోతూ ఉంటుంది. ఆరినప్పుడల్లా లోపలినుంచి మాటలు. ఒకరోజు ఉండబట్టలేక తలుపు తోశాను. గొట్టానికి చెవి ఆనించి కూర్చున్నాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"క్నూట్‌తో."

క్నూట్‌ను ఆ ఏటి వసంతంలోనే పూడ్చాం.

"ఏమంటున్నాడు?"

"ఎడమకాలు పొట్టిగా ఉందంటున్నాడు."

నేను నవ్వి, మట్టం చూసే లెవెల్ తీసుకుని పెట్టి చూశాను. ఎడమకాలు రెండు మిల్లీమీటర్లు పొట్టి. నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా మా దగ్గర ఇనుముకంతా జింకుపూత వేయిస్తారు. వెల్డింగ్‌కు ముందు దాన్ని గీకెయ్యాలి, లేకపోతే ఆ పొగకు చలిజ్వరం వస్తుందని యార్డులో మొదటిరోజే నేర్పుతారు. హాల్వర్ గీకడు. "చేతులు ఆడినచోట పూత నున్నబడి ఉంటుంది. గీకితే ఆ చేతులు పోతాయి," అంటాడు. పొగ పీలుస్తాడు, మూడు దుప్పట్లు కప్పుకుని వణుకుతాడు, విరుగుడుగా సీసాలకొద్దీ పాలు తాగుతాడు, చచ్చినవాళ్ళతో వాదిస్తాడు. జ్వరం తగ్గాక వాళ్ళ ఇళ్ళకెళ్ళి కబురు చెప్పొస్తాడు. "మెట్లమీద మూడో పలక ఊగుతోందట, క్నూట్ చెప్పమన్నాడు." వెళ్ళి చూస్తే పలక ఊగుతూనే ఉంటుంది.

ఇదంతా నాకు వేడుకగా ఉండేది, మా నాన్న పోయేదాకా.

మూడేళ్ళ కిందట అక్టోబరులో మా నాన్న ఓడ్వర్ వలలు తీయడానికి వెళ్ళాడు. పడవ ఒక్కటే తిరిగొచ్చింది, ఇంజను ఆడుతూనే ఉంది. ఖాళీపేటిక పూడ్చాం. వరసలో హాల్వర్ వచ్చాడు, వంగాడు, మా అమ్మ పక్కన టేపు పెట్టాడు. "నూటనాలుగు," అన్నాడు. నేను కాలర్ పట్టుకున్నాను.

"అస్లాక్, వదులు," అంది అమ్మ.

"ఓడ్వర్ పడవ ట్రైలర్‌ను వానలో వదిలెయ్యకండి," అని గొణిగాడు హాల్వర్, టోపీ సర్దుకుంటూ.

ఆ తర్వాత అమ్మ మాట్లాడటం దాదాపు మానేసింది. బీరు కాచడమూ మానేసింది. గంగాళాలు ఎత్తేవి నాన్న చేతులు, బీరును పులియబెట్టే ఈస్ట్ అమ్మది. వాళ్ళ అమ్మమ్మనాటి ఈస్ట్, చెక్కకడియం మీద ఎండబెట్టి వంటింట్లో వేలాడదీసి ఉంది. అది ఇంకెవరి దగ్గరా లేదు. బీరు కాచి మళ్ళీ మేల్కొలపకపోతే కొన్నేళ్ళకు చస్తుంది.

"నేనెత్తుతానుగా," అన్నాను.

"ఎగతాళి చేస్తూ ఎత్తేవాడు నాకొద్దు. ఇదంతా మూఢనమ్మకమన్నావుగా. పో, చదువుకో."

అన్నాను, నిజమే. చదివిన నాలుగు పుస్తకాలూ ఇంట్లోవాళ్ళ మీదే వాడాను. మూడు క్రిస్మస్‌లు అలాగే పోయాయి. నాలుగోది దగ్గరికొస్తుంటే బోర్గిల్ వచ్చి కడియం వాసన చూసి, "సిగ్రున్, వచ్చే ఏటిదాకా బతకదిది," అని చెప్పి పోయింది.

డిసెంబరులో ఒకరోజు లేచేసరికి పెరట్లో నాన్న పడవను మోసే ఇనప ట్రైలర్ లేదు. మంచులో దాని జాడ తిన్నగా పడవల కొట్టానికి పోయింది.

లోపల హాల్వర్ బల్లమీద దుప్పట్లకింద వణుకుతున్నాడు. గడ్డమంతా పాలు.

"మా నాన్న ట్రైలర్ ఏదీ?"

"నీ ఎదురుగానే నుంచునుంది."

మూడంతస్తులు. చీకట్లో నాకంటే పొడుగ్గా ఉంది.

"ఎవర్నడిగి తెచ్చావ్?"

"ఓడ్వర్‌ని. ఒప్పుకోడానికి మూడేళ్ళు పట్టింది. మొండివాడు, నీలాగే."

ఇనుము కోసే గ్రైండర్ అందుకున్నాను. ముక్కలుముక్కలుగా కోసేద్దామనే. నడిమి అంతస్తు మీద సుద్దతో రాసింది కనబడింది: సిగ్రున్, 104. పక్కగోడ మీదా రాతలే. బోర్గిల్, 98. క్నూట్ పెళ్ళాం పేరు, 101. అమ్మతో కలిపి ఐదుగురు ఆడవాళ్ళు, ఐదుగురూ మొగుళ్ళు పోయినవాళ్ళు.

"వీళ్ళంతా వరసలో ఉన్నారా?"

"ఏ వరస?"

"చావు వరస."

హాల్వర్ దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. "నీ మొహం! బార్లీ గంటసేపు కలపాలి. గంగాళం మోచేతికి పైనుంటే భుజం పోతుంది, కిందుంటే నడుం పోతుంది. కొలవకుండా ఎలా చేస్తాను?"

"మరి చచ్చినవాళ్ళ ఇనుమెందుకు?"

"ఆ ఇంట్లో బరువెత్తినవాడు వాడేగా. వాణ్ణే ఎత్తనీ. ఎవరో వచ్చి సాయం చేశారని ఆవిడ తల వంచుకోనక్కర్లేదు."

"జనం నిన్ను చావు గుమాస్తా అంటున్నారు."

"అననీ. సాయమంటే జాలిపడ్డానికి లోయంతా దిగుతుంది. పిచ్చోడి గోలంటే ఎవరూ రారు." పాలసీసా ఎత్తాడు. "ఆ గ్రైండర్ కింద పెట్టు, బ్లేడు వదులుగా ఉంది."

మంచు మీద జారే బండికి కట్టి ఇద్దరం ఇంటికి లాగాం. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. దగ్గరికొచ్చి అడ్డకమ్మీ మీద ఒకచోట చేయి పెట్టింది. పడవను పైకి లాగే వించ్ తాడు కట్టేటప్పుడు నాన్న పట్టుకునే చోటది, పూత అరిగి మెరుస్తోంది. గంగాళం ముందు నిలబడి కలిపినట్టు చేయి ఆడించింది. మోచేతికి సరిగ్గా సరిపోయింది. లోపలికెళ్ళి కడియం తెచ్చింది.

రసం దిగాక గిన్నెడు తీసి గోరువెచ్చగా చేసి అందులో కడియం ముంచింది. గంట గడిచింది. ఏమీ లేదు. రెండు గంటలు. పొగమంచు కిటికీకి ముఖం ఆనించి చూస్తోంది. మంట ఆరి చల్లారుతున్న స్టాండు కాళ్ళు టిక్, టిక్ అంటున్నాయి, వసారాలో ఎవరో బూట్లకు అంటిన మంచు దులుపుకుంటున్నట్టు. ముగ్గురం తలుపువైపు చూడకుండా కూర్చున్నాం.

ఒక బుడగ లేచింది. చాలాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత పాలు పొంగినట్టు నురగ గిన్నె అంచులు దాటింది. అమ్మ గిన్నె ఎత్తి, రసం పోసి చల్లార్చిన పీపాలో ఒంపింది.

ఒంపగానే అరవాలి. ఎంత గట్టిగా అరిస్తే బీరుకు అంత బలం. అరవకపోతే బయట పొంచి ఉన్న దయ్యాలు ముందు తాగేస్తాయట. మా ఇంట్లో అరిచేది నాన్న. హాల్వర్ నోరు తెరిచాడు, జ్వరానికి గొంతు పోయి గాలి మాత్రమే వచ్చింది. ఇద్దరూ నావైపు చూశారు.

"ఊఁ," అన్నాను.

"ఏమిటది, ఎలుకా?" అంది అమ్మ.

తనే తలుపు బార్లా తీసి పొగమంచులోకి అరిచింది. అంత కేక ఆ మనిషిలో ఉందని నాకు తెలీదు. గోడమీది పళ్ళేలు కదిలాయి, హాల్వర్ టోపీ తీసి పట్టుకున్నాడు. నేనూ అరిచాను. ఈసారి సిగ్గు పడలేదు.

తర్వాత తెల్లటి పొగమంచులోంచి, మనిషెవరూ కనబడనిచోటునుంచి, జవాబుగా ఒక కేక వచ్చింది. ఆ వెనకే బోర్గిల్ గొంతు, నది మీదుగా:

"ఎన్ని లీటర్లు, సిగ్రున్?"

"నూటయాభై!" అని అరిచింది మా అమ్మ.

మా గంగాళం పట్టేది వంద. మూడేళ్ళలో ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం అది.