కక్కిన మోతాదు లెక్కలోకి రాదు

పోయినవి ఇవి: మా ఆవిడ ఒంట్లోంచి నాలుగు కిలోలు, నాకు పదకొండు రోజుల పని, విరుగుడు మందు మూడు మోతాదులు. ఆ మూడూ ఆమె కక్కేసింది.

కరోనా రెండో ఏడు. సూరత్ నవాగామ్‌లో మాది ఒక్క గది. ఆమెకు జ్వరం, ఒళ్లునొప్పులు, జలుబు. మందుల షాపులో మూడింటికీ మూడు రంగుల గోలీలిచ్చారు. నేను నోట్‌బుక్కులో మూడు గడులు గీసి, వేళ తప్పకుండా వేశాను. ఏ గడిలోనూ హద్దు దాటలేదు. అడ్డంగా మాత్రం కూడలేదు. మగ్గాల కార్ఖానాలో నాకు అలవాటైన పద్ధతి అది. ఏ మగ్గం మీటర్లు ఆ మగ్గం కిందే రాయాలి, కలిపితే ఒకరి కూలి ఇంకొకరికి పోతుంది.

ఆమెకు వాంతులు పట్టుకుంటే ఆసుపత్రికి తీసుకెళ్లాను. మూడు గోలీల్లోనూ ఒకటే నొప్పిమందు ఉందని డాక్టరు చెప్పాడు. మూడూ కలిపి హద్దు దాటడంతో కాలేయం దెబ్బతింటోంది. నాలుగు గంటలకోసారి విరుగుడు తాగాలి, మొత్తం పదిహేడుసార్లు. తాగిన గంటలోపు కక్కితే మళ్లీ తాగాలి.

ఆ మందుది కుళ్లిన గుడ్డు వాసన. మొదట పన్నెండో నిమిషంలో కక్కింది. మళ్లీ ఇస్తే ముప్పయ్యో నిమిషంలో. వాంతులు ఆగే సూది వేశాక కూడా యాభై ఎనిమిది దగ్గర పోయింది.

"రెండు నిమిషాలే కదా సిస్టర్ తక్కువ," అన్నాను హిందీలో.

"అరవై అంటే అరవై, భాయ్."

మా ఆవిడ కళ్లు తెరవకుండానే అంది: "కార్ఖానా మీటర్లన్నీ లెక్కవెడ్తడు. పెండ్లాం గోలీలు లెక్కవెట్టరాలె. ఇంగ నేను తాగ."

సిస్టర్ వెళ్లి నర్సుల గది ఫ్రిజ్‌లోంచి చల్లటి సోడా సీసా తెచ్చింది. బయట దుకాణాలన్నీ బంద్. మందు అందులో కలిపి, మూత పెట్టి, స్ట్రా గుచ్చింది. మంచం తల వైపు ఎత్తింది. "వాసన ముక్కుదాకా రాదు బెన్, కొంచెం కొంచెంగా తాగు," అని చెల్లెల్ని పిలిచినట్టు ఆమెతో చెప్పి, నా వైపు తిరిగింది. "నువ్వు నిమిషాలు పైకి చదవకు. ఆమెకు కడుపులో తిప్పేది దానికే."

అప్పటిదాకా పైకి చదువుతున్నానని నాకే తెలియదు. గడియారానికి వీపు పెట్టి, తడిగుడ్డతో ఆమె నుదురు తుడుస్తూ కూర్చున్నాను.

"అయిందా?" అంది చాలాసేపటికి.

తిరిగి చూశాను. "అరవై నాలుగు."

ఆ తర్వాత ఒక్కటీ పోలేదు. పదిహేడూ నిలిచాయి, రక్తపరీక్షల్లో అంకెలు దిగాయి.

మేం ఇంటికొచ్చేసరికి సిస్టర్‌ను కరోనా వార్డుకు మార్చారు. దుకాణాలు తెరిచాక సోడా సీసాలు కొనుక్కుని ఆసుపత్రి గేటు దగ్గరికి వెళితే, ఏ సిస్టర్‌కని అడిగాడు కాపలా అతను. పేరు అడగలేదు నేను. మాస్కు మీద కళ్లు తప్ప ముఖం చూడలేదు. ఆమె తెచ్చి పోసినవి నాలుగు సీసాలు. నాలుగూ బాకీయే.