అన్న తీసిన మూడు నిమిషాల బొమ్మ

మా మనవరాలు పది నిమిషాల సినిమా ఒకటి తీసి ఫోన్‌లో పెట్టింది. పెట్టిన దగ్గర్నుంచి దానికి అన్నం సయించడం లేదు. ఎంతమంది చూశారో అని పావుగంటకోసారి ఫోన్ తీస్తుంది. చూడనివాళ్లను చూడమని, చూసినవాళ్లను ఎట్లా ఉందో చెప్పమని ప్రాణం తీస్తుంది. నిన్న పాలవాడిని కూడా వదల్లేదు. నవ్వుకోవాల్సిన సంగతే గానీ, దాన్ని చూస్తుంటే నాకు నవ్వు రావడం లేదు. అరవై ఏళ్ల కిందట మా అన్నకు పట్టిన పీడ కూడా ఇదే.

అన్నకు జడ్చర్లలో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. గోడకు వేలాడేసిన తెర మీద ఒక సరస్సు, రెండు హంసలు. చుట్టుపక్కల పెళ్లయిన ప్రతి జంటా వాటి ముందు బిగదీసుకుని నిలబడిందే. చివరికి నిలబడ్డ బొమ్మల మీద అన్నకు మనసు విరిగింది. హైదరాబాదు స్నేహితుడి దగ్గర కీ ఇచ్చి తిప్పే సినిమా కెమెరా ఒకటి అడిగి తెచ్చాడు. దానితో వచ్చింది ఒక్కటే రీలు, మూడు నిమిషాలది. నారాయణపేటలో మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఉండే వాడకు పోయి మగ్గాల మీద బొమ్మ తీస్తానన్నాడు. నాయిన ఆ మగ్గం వదిలే జడ్చర్ల వచ్చి బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాడు. కొడుక్కి తాలూకా ఆఫీసులో ఉద్యోగం కూడా మాట్లాడి పెట్టాడు. "నీ బొమ్మ ఒక్కపాలి జనానికి సూపియ్యి. మెచ్చుకుంటే నీ ఇష్టం. లేకుంటే తెల్లారి ఆఫీసుల చేరాలె" అన్నాడు. అన్న ఒప్పుకున్నాడు.

నేనూ వెంట వెళ్లాను. సినిమా అనగానే వాడలో వాళ్లంతా పెట్టెల్లోంచి పెళ్లి చీరలు తీసి కట్టుకుని, మగ్గాలు వదిలేసి, బయట వరుసగా నిలబడ్డారు. అన్న కెమెరాకు కన్ను ఆనించాడు. స్టూడియోలో ఎనిమిదేళ్ల అలవాటు నోట్లోంచి ఊడిపడింది. "కదలకుండ్రి! ఊపిరి బిగవట్టుండ్రి!" అందరూ బిగబట్టారు. నేనైనా చెప్పొద్దా? ఆ వరుస చివర నేనూ బిగబట్టుకునే నిలబడ్డాను. రీలు తిరుగుతూనే ఉంది. ఇంకో అర నిమిషం మిగిలిందనగా, అరుగు మీద రాట్నం తిప్పుతూ నూలును కండెలుగా చుడుతున్న అవ్వ అన్న కంటబడింది. "అవ్వా, జర కదలకు!" అని కెమెరా అటు తిప్పాడు. అవ్వ చెయ్యి ఆపలేదు. "నీ ఫొటో పాడుగాను! పొద్దుమీకేలోపు నాకు పది కండెలు గావాలె, పోరా!" అంది. చేసిన పొరపాటు అన్నకు తిరుగు బస్సులో గానీ తెలియలేదు. జడ్చర్ల వచ్చేదాకా కిటికీ ఊచలకు తల ఆనించుకుని కూర్చున్నాడు.

రీలు కడిగించడానికి బొంబాయి పంపాలి. రెండు నెలలు పోస్టుమాన్ సైకిలు గంట మోగితే చాలు, అన్న చెప్పుల్లేకుండా వీధిలోకి ఉరికేవాడు. ఆ మధ్యలోనే అవ్వ పోయింది. జ్వరమని పడుకున్న నాలుగో రోజుకు లేదు. మనవడు ఫొటోగ్రాఫరై ఉండీ ఆమెకు ఒక్క ఫొటో లేదు. ఎప్పుడు పిలిచినా పని ఉందనేది. పెద్దకర్మ అయిన వారానికి రీలు వచ్చింది. బాగొచ్చిందా అని అడిగితే అన్న మాట మార్చాడు.

రేకుల టాకీసు యజమాని ఆదివారం మధ్యాహ్నం ఆటకు ముందు వేస్తానన్నాడు. పొరపాటు తెలిసినా, జనం మెచ్చుకుంటారేమోనన్న ఆశతో ఇక అన్నకు నిలకడ లేదు. నా చేత వంద కాగితాలు రాయించి కనబడ్డ గోడకల్లా అంటించాడు. నా వేళ్లు వాచాయి. టాంగా ఎక్కి, రేకు గొట్టం నోటికి పెట్టుకుని, "మన జిల్ల మగ్గాలు! మన మనుషులే ఆక్టర్లు! రాండ్రి, సూడుండ్రి!" అని గొంతు పోయేదాకా అరిచాడు. జనం నిజంగానే వచ్చారు. రాకపోయినా బాగుండేది.

తెర మీద మనుషులు నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. "ఓ అన్నా, మిషిన్ ఆగింది, జర కొట్టు!" అని ఎవరో మిషను గది వైపు తిరిగి అరిచారు. హాలంతా గొల్లుమంది. ఆఖరున అవ్వ వచ్చినా ఆ నవ్వు తగ్గలేదు. అన్న మొహం చూడలేక నేను నేల చూస్తూ కూర్చున్నాను.

ఆట ముగిసి జనం వెళ్లిపోయినా, వెనక బెంచీలో నాయిన మాత్రం లేవలేదు. తిట్లు పడతాయనుకున్నాం. "మా అమ్మను ఇంకొకపాలి సూపియ్యి" అన్నాడు. అన్న రీలు మళ్లీ ఎక్కించాడు. రాట్నం తిరిగింది. అవ్వ తలెత్తింది, పెదాలు కదిలాయి, మాట లేదు.

"ఏమంటాంది?" అన్నాడు నాయిన.

"నన్ను తిడ్తాంది."

"ఆఁ, గట్లనే తిట్టేది" అని కండువాతో మొహం కప్పుకున్నాడు. అట్లా మూడుసార్లు వేయించుకున్నాడు. అన్న గెలిచాడనుకున్నాను నేను. సోమవారం పొద్దున నాయినే అన్నను వెంటబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లాడు.

అన్న మళ్లీ సినిమా కెమెరా ముట్టలేదు. ఏటా అవ్వ తిథి నాడు నాయిన అడిగేవాడు. అన్న ఎక్కడినుంచో మిషను తెచ్చి, గోడకు ధోవతి కట్టి, ఆ రీలు వేసేవాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు. నాయిన మా అన్న కాలమంతా తీసుకుని ఆఫీసులో పెట్టి, అందులో అవ్వ ఉన్న ఒక్క అర నిమిషాన్నే తన కోసం దాచుకున్నాడని నాకు ఈనాటికీ కోపం.