ఎదురింట్లోనూ అడగాలి

"ఇయ్యి ఏ నూతి నీళ్ళే?" అన్నాడు.

"మన నూతియే. ఏల, రుసి మారిందేటి?" అన్నాను.

"లేదు. సల్లగున్నాయి."

నా పెనిమిటి నాతో మాట్లాడిన ఆఖరి మాటలివి. రోజుకి ఎన్ని నీళ్ళు తాగొచ్చో డాక్టరు కొలత పెట్టాడు. ఆ పొద్దున కొలతలో మిగిలిన అర గ్లాసు అది. తాగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నానికి మనిషి లేడు.

నాకు రాయడం సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా అన్నయ్య కూతురు రాస్తోంది. నా మాటల్ని పుస్తకంలో మాటల్లా సర్ది రాస్తానంది. సర్దుకో అన్నాను, కానీ మనుషులు మాట్లాడుకున్నది మాత్రం ఉన్నదున్నట్టు రాయమన్నాను.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు కొత్త కాదు. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో కష్టం చేసే మగాళ్ళు ముందు నీరసమంటారు, తరవాత కాళ్ళు పొంగుతాయి, రక్తం పరీక్ష చేయిస్తే సంగతి బయటపడుతుంది. ఎందుకు వస్తోందో ఇంతవరకు ఎవరూ గట్టిగా తేల్చలేదు. తేల్చలేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు అంటారు. మా వీధివాళ్ళు మా నూతిని అన్నారు. అది మా పెరట్లోది. నేను కాపురానికి వచ్చిన ఏడాది మా మావగారు తవ్వించారు. పన్నెండిళ్ళవాళ్ళు ఆ నీళ్ళే తాగారు. తోటలో పని ఉన్న రోజు బిందెడు నీళ్ళు నేనే నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. పక్కవాళ్ళ బోరు దగ్గర తాగుతానంటే ఒప్పుకునేదాన్ని కాదు, మన నీళ్ళే తాగమని పోరు పెట్టేదాన్ని. అందుకే ఆయన పోయాక నన్ను ఒకటే ప్రశ్న పట్టుకుంది. నా చేత్తో నేనే పోశానా?

తరవాత వీధిలోకి కొళాయిలు వచ్చాయి. నూతి మీద ముళ్ళకంప వేశారు. ఆయన పోయిన నాలుగేళ్ళకి వైద్యం కాలేజీ నుంచి ఒక అమ్మాయి సర్వేకి వచ్చింది. మా అరుగు మీద రెండు గంటలు కూర్చుంది. ఏ నీళ్ళు, ఎన్నేళ్ళు, ఏ బిళ్ళలు, ఎండలో ఎంతసేపు, తోటలో ఏ మందులు కొట్టేవాడు, చుట్ట కాల్చేవాడా, అన్నీ అడిగింది. టకటకా చెప్పాను. అప్పటికే ఎంతమంది వచ్చి అడిగారో, నాకు నోటికి వచ్చేసింది.

లేచి వెళ్ళిపోతుందనుకుంటే ఎదురింటివైపు నడిచింది. అక్కడ ఉండేది మా పెదమావగారి కొడుకు. నాకు బావ. నా పెనిమిటి కంటే ఆర్నెల్లు పెద్ద, చేసేది అదే తోట పని. మనిషి రాయిలా ఉన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏటమ్మా, సచ్చింది ఈ ఇంట్లో. ఆ ఇంట్లో ఏటి అడుగుతావు?"

"ఆయన బాగున్నారు కాబట్టే అడగాలమ్మా. జబ్బు వచ్చినవాళ్ళని మాత్రమే అడిగితే అందరూ నూతి నీళ్ళు తాగామంటారు. రానివాళ్ళు కూడా అవే తాగితే? వీళ్ళు చేసి వాళ్ళు చెయ్యనిది ఇంకేదైనా ఉంటే? రెండూ పక్కన పెట్టి చూడకపోతే తేడా ఎలా తెలుస్తుంది?"

ఇంక నాకు వివరం చెప్పక్కర్లేకపోయింది. నా పుట్టిల్లు శ్రీముఖలింగం దగ్గర, వంశధార నీటి వరి. మా అయ్య ఏ కొత్త ఎరువు తెచ్చినా ఒక మడికి వెయ్యకుండా వదిలేసేవాడు. అదే విత్తనం, అదే నీరు, అదే రోజు ఊడుపు, ఎరువు ఒక్కటే తేడా. ఎవరైనా నవ్వితే, "వానలు బాగా పడిన ఏడు పంట ఎరువు వల్ల వచ్చిందో వాన వల్ల వచ్చిందో నీకెలగ తెలుస్తాది?" అనేవాడు. ఎదురింటి బావ మాకు ఆ వదిలేసిన మడి అన్నమాట, అమ్మాయితోనూ అదే అన్నాను. కాకపోతే మా అయ్య ముందు ఎరువు వేసి, తరవాత పంట చూసేవాడు. మనుషుల మీద అలా జబ్బు పెట్టి చూడరు కదా. అందుకని ఈ అమ్మాయి పంట పోయాక వచ్చి, ఎవరి మడిలో ఏం పడిందని వెనక్కి అడుగుతోంది.

ఎదురింట్లో బావ పెళ్ళాం, నేను అక్కా అని పిలుస్తాను, గుమ్మానికి అడ్డం నిలబడింది. చచ్చినవాళ్ళ వివరాలు రాసిన దాంట్లో బతికున్న మొగుడి వివరాలు రాయించనంది. బాగున్న మగవాళ్ళున్న మిగతా ఇళ్ళదీ అదే మాట. ఇలా అయితే ఈ వీధి వదిలేసి వెళ్ళిపోవాలి అని అమ్మాయి సంచి సర్దుకుంది. ఆమె వెళ్ళిపోతే మిగిలేది చావులున్న ఇళ్ళ మాట ఒక్కటే. అది నూతి దగ్గరే ఆగిపోతుంది. నా ప్రశ్న నాతోనే ఉండిపోతుంది.

మొగుడు పోయినది ఎదురొస్తే ప్రయాణం ఆపుకునే ఊరు మాది. అయినా మొగుళ్ళు బతికున్న ఇళ్ళకి నేనే వెళ్ళాను. మొదట అక్క దగ్గరికే.

"నీ ఇంట్లో జరిగిందని నా ఇంటిని కూడా అందులో ఎక్కించాలనా?" అంది.

"నీ మొగుడు బతికున్నాడు గనకే కావాల. సచ్చినోళ్ళు ఈ వీధిలో సాలినంతమంది ఉన్నారు, కొత్తోళ్ళు అక్కర్లేదు."

బావ లోపల్నుంచి అన్నాడు: "నా పేరు రాయిస్తే యముడికి అడ్రసు ఇచ్చినట్టే గదే మరదలా."

"యముడికి నీ ఇల్లు తెలీక కాదు బావా. అక్క నోటికి జడిసి రాలేదు."

బావ నవ్వాడు. అక్క నవ్వలేదు. నేను గొంతు తగ్గించి, "అక్కా, నీ కొడుకూ ఆ తోటలోనే పని సేస్తన్నాడు. ఆడికి ఏది మంచిదో ఏది సెడ్డో తెలుసుకోవాలని లేదేటి?" అన్నాను. అక్క పక్కకి జరిగి, అమ్మాయికి పీట వేసింది. అది చూసి మిగతా ఇళ్ళూ తలుపులు తీశాయి.

బావ జవాబులు విని నాకు మతి పోయింది. నొప్పి బిళ్ళలు వాడేవారా? "అప్పుడప్పుడు." ఎన్నేళ్ళ నుంచి? "ఎవుడికి గుర్తు?" నేనైతే నా పెనిమిటి మింగిన ప్రతి బిళ్ళా చెప్పాను. ఇద్దరూ ఒకే దుకాణంలో అవే బిళ్ళలు కొన్నవాళ్ళే. బావకి ఏమీ కాలేదు కాబట్టి మర్చిపోయాడు. నేను నాలుగేళ్ళుగా అదే తవ్వుకుంటున్నాను, లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తోంది. ఆ మాటే అమ్మాయితో అన్నాను.

"మాకు అదే పెద్ద చిక్కమ్మా. అందుకే పాత మందుల చీటీలున్నాయా అని అడుగుతాం" అంది.

రేకు పెట్టెలో ఉన్న చీటీలన్నీ తెచ్చి ముందు పోశాను. రోజూ రెండు బిళ్ళలు మింగేవాడని చెప్పాను నేను. చీటీలు చూస్తే కొబ్బరి దింపులప్పుడు, జీడి కోతలప్పుడు తప్ప లేవు. దిద్దుకో అన్నాను. సిగ్గుపడలేదు.

నీళ్ళ దగ్గర మాత్రం బావ తడుముకోలేదు. "ఆ నుయ్యి తవ్వినకాడ్నుంచీ అయ్యే నీళ్ళు. కొళాయి వచ్చినదాకా."

నా గుండె మీంచి బండ దిగినట్టయింది. ఒకే నీళ్ళు. ఒకడు పోయాడు, ఒకడు ఉన్నాడు. "ఐతే నూతి తప్పు లేనట్టే గదా?" అన్నాను.

ఆ అమ్మాయి నా మొహం చూసింది. అవునంటే పోయేది, నేను పండగ చేసుకునేదాన్ని. అనలేదు.

"అలా చెప్పలేనమ్మా. ఒకే నీళ్ళు ఒకరికి పడొచ్చు, ఒకరికి పడకపోవచ్చు. పైగా వీధంతా ఆ నీళ్ళే తాగినప్పుడు ఇక్కడ ఎంతమందిని అడిగినా నీళ్ళ సంగతి తేలదు. మీ నాన్నగారు అన్ని మళ్ళకీ ఎరువు వేసేసి ఉంటే?"

వేసేసి ఉంటే ఏమీ తెలిసేది కాదు. వేరే నీళ్ళు తాగే ఊళ్ళు కావాలి. మా పుట్టింటికి రా, నది నీళ్ళు, మనుషుల్ని నేను కూర్చోబెడతాను అన్నాను. ఊళ్ళని చీటీలు తీసినట్టు తీస్తారట, మనకి నచ్చిన ఊరు పెట్టకూడదట. పెడితే ముందే అనుకున్న జవాబు వైపు తూకం మొగ్గుతుందట. అదీ న్యాయమే అనిపించింది.

ఇప్పుడు ఆ కాలేజీవాళ్ళు ఇంకో పని మొదలుపెట్టారు. బాగున్నవాళ్ళనే తీసుకుని, ఏం తాగుతున్నారో, ఏం మింగుతున్నారో ఇప్పుడే రాసుకుని, ఆర్నెల్లకోసారి రక్తం చూస్తారు. ఏళ్ళు పడుతుంది. కానీ ఎవరి జ్ఞాపకాన్నీ బతిమాలక్కర్లేదు. అందులో నేనున్నాను. అక్క తన కొడుకుని రెక్క పట్టుకుని తీసుకొస్తుంది. మొన్న ఆ రక్తం తీసే చోటే ఎవరో ఆ నుయ్యే ఇంతమందిని మింగిందని అంటే, అక్క అందుకుంది: "ఇన్నేళ్ళు తిరిగి అడిగినోళ్ళకే తెలీదట, కూకున్న సోట నీకెలగ తెలిసిపోనాదే?"

నా చేత్తో పోశానా అన్నదానికి జవాబు నా బతుకులో రాకపోవచ్చు. నన్ను అడిగితే తెలీదంటాను. కొళాయి నీళ్ళే తాగుతాను. నేనే చంపుకున్నానని నూతి గట్టు మీద కూర్చుని ఏడవడం మాత్రం మానేశాను. తెలియని దానికి శిక్ష వేసుకోవడం నా వల్ల కాదు.

ఒసే, ఇంక సాలు, కలం ఒగ్గేయ్. మొదట్నుంచి సదివి ఇనిపించు. బేగి సదవకు. జరిగినదానికన్నా నాను గొప్పగా సెప్పినట్టు ఎక్కడున్నా ఆపు, అది కొట్టేద్దాం.