పేర్లు తెలియని లబ్ధిదారులు

మా దరఖాస్తు ఫారంలో 'లబ్ధిదారులు ఎవరు' అనే గడి ఒకటి ఉంటుంది. అందులో 'మా వీధి పిల్లలు' అనో 'కాలనీ ఆడవాళ్లు' అనో రాస్తుంటారు. ఆ ఏడాది జమ్మలమడుగు నుంచి వచ్చిన కాగితంలో మాత్రం నీలం సిరాతో రెండే మాటలున్నాయి. పేర్లు తెలియవు.

నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఊరి బట్టల అంగళ్లవాళ్లు, బంగారు అంగళ్లవాళ్లు కలిసి నడిపే వర్తక సంఘం ఒకటుంది. ఏటా అందరూ తలా ఇంత వేసుకొని చుట్టుపక్కల సేవా సంఘాలకు చిన్న చిన్న సాయాలు చేస్తారు. ఒకరికి కుట్టు మిషను, ఇంకొకరికి పుస్తకాల బీరువా, అట్లాంటివి. అడిగినవాళ్లు నిజంగా ఆ పని చేస్తున్నారో లేదో చూసి వచ్చి రాసిచ్చే పని నాది. సెలవు రోజుల్లో బస్సెక్కి పోయి వస్తాను.

సంఘం అధ్యక్షుడు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి నా ముందు పెట్టాడు.

"పేరు లేనోళ్లకు మనం ఏమిచ్చేది? ఒకసారి పోయి చూసి రామ్మా."

ఆదివారం పొద్దున పదిగంటలకు జమ్మలమడుగులో దిగాను. దరఖాస్తు పెట్టింది ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆయనా, ఇంకో నలుగురూ కలిసి, ఎవరూ రాని శవాలకు దహనం చేస్తుంటారు. పోలీసులు కబురు చేస్తే పోతారు. ఇంతవరకూ నాకు తెలుసు. వాళ్లు అడిగింది కట్టెలూ కాదు, బట్టా కాదు. ఫోటోలు అచ్చు వేసుకునే చిన్న మిషను అడిగారు.

తలుపు తీసిన పెద్దాయన నన్ను చూసి కదలకుండా నిలబడిపోయాడు. లోపలికి రమ్మనలేదు. నేను ఎవరో చెప్పాక కూడా కొంచెం సేపు నా ముఖం వైపే చూసి, ఆ తర్వాత పక్కకు జరిగాడు.

ముందు గదిలో బల్ల మీద మూడు ఆల్బమ్‌లున్నాయి. పెండ్లి ఆల్బమ్‌లు. అట్ట మీద బంగారు రంగు పూలు, మధ్యలో గుండె ఆకారంలో కిటికీ. ఎవరో స్టూడియో ఆయన పనికిరాని అట్టలు ఊరికే ఇచ్చాడట.

"కాల్చేసే ముందు ఒక ఫోటో తీస్తాం మేడమ్," అన్నాడాయన. "ఎప్పుడన్నా ఎవరన్నా వెతుక్కుంటా వస్తే చూపియ్యాల గదా. ఫోన్లో పెట్టుకుంటే ఫోను పోయె, ఫోటోలూ పోయె. అందుకని కాగితం మీద ఉండాలనుకున్యాం."

"ఎవరైనా వస్తారా?"

"వస్తారు. శానా తక్కువ."

ఆల్బమ్ తెరిచాను. భయపడాల్సినంతగా ఏమీ లేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. ముఖాలు కడిగి ఉన్నాయి. తలలు దువ్వి ఉన్నాయి. ముసలివాళ్లు, నడివయసు వాళ్లు, గడ్డం మాసిన ఒక సాధువు. ఒక్కొక్కరి కింద తేదీ, దొరికిన చోటు మాత్రమే రాసి ఉంది. ఫ్యాను గాలికి ప్లాస్టిక్ కాగితం లేచి పడుతుంటే ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించేది.

రెండో ఆల్బమ్ మధ్యలో నేనున్నాను.

మరోలా చెప్పడానికి నాకు మాట దొరకడం లేదు. అవే చెంపలు, అదే ముక్కు. చిన్నప్పుడు మెట్ల మీద పడి చీలిన నా ఎడమ కనుబొమ మధ్యలో సందు ఉంటుంది. ఆమెకూ అక్కడే సందు ఉంది. కింద 'బస్టాండు, బెంచీ మీద' అని రాసి ఉంది.

పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. "మీరు వాకిట్లో నిలబడితే ఈ ఫోటోలో ఆయమ్మే వచ్చిందనుకున్యా మేడమ్. ఆయమ్మ తల దువ్వింది నేనే."

"మా వాళ్లెవరూ తప్పిపోలేదు సార్," అన్నాను. నా గొంతు నాకే సంజాయిషీలా వినిపించింది.

సోమవారం బడికి పోయి పాత హాజరు రిజిస్టరు తీసి, ఫోటో కింద రాసిన తేదీకి వెతికాను. ఆ రోజు నా పేరు ఎదురుగా సెలవు అని ఉంది. ఎందుకు పెట్టానో గుర్తు రాలేదు. మా ఆయన్ను అడిగితే, "జ్వరమేమో, ఎవరికి గుర్తుంటాది," అన్నాడు. జ్వరమే అయ్యుండాలి.

నివేదికలో ఆ ముఖం గురించి రాయలేదు. పని నిజమే, సాయం చేయవచ్చు అని రాశాను. సమావేశంలో ఇద్దరు అంగళ్లవాళ్లు శుభమా అని పెట్టిన సొమ్ముతో శవాల ఫోటోలేంది అని గొణిగారు. అధ్యక్షుడు వాళ్ల మాట పట్టించుకోలేదు. "వాళ్లూ ఎప్పుడో ఒగరోజు మన అంగట్లో బట్ట కొన్నోళ్లే గదప్పా," అన్నాడు. మిషను మంజూరైంది.

నెల తర్వాత పులివెందులలో ఒక కుట్టు శిక్షణ సంఘాన్ని చూసి మిట్టమధ్యాహ్నం బస్టాండుకు వచ్చాను. ప్లాట్‌ఫారం మీద కంట్రోలరును "ప్రొద్దుటూరు బస్సు యాడ నిలబడుతుంది?" అని అడిగాను. అంతే. వెనకనుంచి ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు.

"యాడికి పోయినావక్కా ఇన్ని దినాలు?"

తిరిగి చూశాను. ఎవరో ఆడమనిషి, ముప్పై ఐదేళ్లుంటాయి. ముందర చీనీకాయల బుట్ట. నా ముఖం చూసి ఆమె చెయ్యి వదులైంది గానీ పూర్తిగా వదల్లేదు.

"నేను మీ అక్కను కాదమ్మా."

"మళ్లా మాట్లాడు," అంది. కళ్లు మూసుకొని వింది. "మొగం మా అక్కది గాదు. గొంతు మా అక్కదే."

వాళ్లది వేంపల్లె దగ్గర పల్లె. అక్క ఇల్లు విడిచి పోయి చానా ఏళ్లయిందట. గొడవ ఏమీ లేదు, మధ్యాహ్నం అన్నం తిని, ఇప్పుడే వస్తానని పోయింది. అంతలో నా బస్సు వచ్చింది. చెయ్యి విడిపించుకొని ఎక్కేశాను. ముద్దనూరు వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తర్వాత ఆల్బమ్ గుర్తొచ్చి, చేసిన పనికి సిగ్గేసింది. ఆ ఆల్బమ్‌లలో ఎక్కడైనా ఈమె అక్క ఉంటే, చెప్పాల్సింది నేనే కదా.

ఆ తర్వాతి ఆదివారం మళ్లీ పులివెందులకు పోయాను. ఆమె అదే చోట కాయలు అమ్ముతోంది. విషయం చెప్పాను. బుట్ట పక్కామెకు అప్పజెప్పి, ఏమీ అడగకుండా నాతో బస్సెక్కింది. దారిలో నన్ను ఊరికే ఉండనివ్వలేదు. మీ పిల్లలెంతమంది, బడిలో ఏం చెబుతావు అని అడుగుతూనే ఉంది. జవాబు చెబుతున్నంత సేపూ కిటికీ బయటికి చూసేది. నా వైపు చూడకుండా వాళ్లక్క గొంతే వింటోందని ఆలస్యంగా అర్థమైంది.

జమ్మలమడుగులో పెద్దాయన మూడు ఆల్బమ్‌లూ తెచ్చి పెట్టాడు. ఆమె తొందరపడలేదు. ఒక్కో ముఖం దగ్గరా ఆగి, పేజీ తిప్పింది. ఆ పేజీ వచ్చినప్పుడు నేను గోడ వైపు చూస్తున్నాను.

"ఇది మా అక్క గాదు," అంది.

"బాగా చూడమ్మా. ఏళ్లయింది కదా," అన్నాడు పెద్దాయన.

"చూస్తి. మా అక్క మాదిరి యాడా లేదు." నా వైపు తిరిగింది. "ఇది నువ్వు. ఈడ నీ ఫోటో ఎందుకుంది?"

ఆమె కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకొంది. ఆ జరుపుకోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంటుంది. పోయేటప్పుడు మాత్రం నా ఫోన్ నంబరు అడిగి రాసుకుంది.

పది రోజులకు ఫోన్ చేసింది. వాళ్లమ్మకు కళ్లు దాదాపు కనిపించవు. బస్టాండులో అక్క గొంతు విన్నానని నోరు జారి చెప్పేసిందట. అప్పటినుంచి ముసలామె అన్నం సరిగా ముట్టడం లేదు.

"ఒక్క మాట మాట్లాడు. నీకు దండం పెడతా."

నేను ఒప్పుకోకముందే ఫోను చేతులు మారింది. అవతల ఊపిరి చప్పుడు. తర్వాత, "తింటాండావా?" అని వినిపించింది.

"తింటాండామ్మా," అన్నాను.

అట్లా మొదలైంది. వారానికొకసారి, సాయంత్రం బడి వదిలాక. ఆమె ఎక్కువ అడిగేది కాదు. యాడుండావని గానీ ఎందుకు పోయినావని గానీ ఎప్పుడూ అడగలేదు. వానలు పడినాయా, దగ్గు తగ్గిందా అనేది. నాకు దగ్గు లేదు. తగ్గిందని చెప్పేదాన్ని. అబద్ధం చెబుతున్నానని మొదట్లో చాలా బాధపడ్డాను. తర్వాత తర్వాత ఆ ఫోన్ రాకపోతే ఏమీ తోచేది కాదు. ఇంట్లో బంధువులని చెప్పాను.

ఒకరోజు మాటల మధ్యలో నేనే అడిగాను. "నల్లావు ఈనిందామ్మా?"

"యాడిదిప్పుడు నల్లావు," అంది ముసలామె మామూలుగా. "నువ్వు పోయిన ఏడే చచ్చిపాయ."

చెల్లెలు ఫోన్ లాక్కుంది. "నల్లావు సంగతి నీకెవరు చెప్పినారు? నేను చెప్పలా."

ఆమె చెప్పలేదు. నాకు తెలుసు. ఆ పల్లెల్లో ప్రతి ఇంట్లోనూ ఒక నల్లావు ఉంటుందిలే, ఏదో నోటికొచ్చిందని సర్ది చెప్పాను. ఆమె నమ్మిందో లేదో. ఫోన్ పెట్టేశాక ఖాళీ తరగతి గదిలో కూర్చొని, ఆ మాట నా నోట్లోకి ఎట్లా వచ్చిందా అని ఆలోచించాను. ఎండ ఇంకా ఉంది. బయట పిల్లలు గోడ దూకుతున్నారు.

ఎండాకాలంలో ముసలామె పోయింది. చెల్లెలు ఫోన్ చేసి, "రావాలనుకుంటే రా. మాట్లాడొద్దు. ఈడ అందరికీ మా అక్క గొంతు తెలుసు," అంది.

పోయాను. వేంపల్లెలో షేర్ ఆటో ఎక్కి పల్లెలో దిగాను. పందిరి కింద ఆడవాళ్ల వెనక కూర్చున్నాను. ఎవరో పరాయి మనిషి అన్నట్టు ఒకరిద్దరు చూసి తల తిప్పుకున్నారు. ఒకామె మంచినీళ్లిచ్చి, "ఏ ఊరు మీది?" అని అడిగింది. వినపడనట్టు కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఏడుపు నిజంగానే వచ్చింది. శబ్దం రాకుండా ఏడ్చాను. శవాన్ని ఎత్తేటప్పుడు చెల్లెలు ఒక్కసారి నా వైపు చూసింది, నేను నోరు గట్టిగా మూసుకునే ఉన్నాను.

తిరుగు బస్సులో కండక్టరు వచ్చి యాడికి అన్నాడు. ముందు ఆ పల్లె పేరే నోటికొచ్చింది, మా ఊరి పేరు చెప్పడానికి నాకు కొంత సేపు పట్టింది.