కొబ్బరినీళ్లు తాగిన మానిటర్

ఆ ఏడు రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో నంద్యాల వచ్చి కంప్యూటర్ నేర్చుకునేదాన్ని. టైపు ఇన్‌స్టిట్యూట్ వెనక గదిలో ఉన్నది ఒకటే కంప్యూటర్. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. సంక్రాంతి అయ్యాక పొద్దుటి బ్యాచికి నన్నే నేర్పమంటానని సార్ అన్నారు. ఆ మాట ఇంట్లో కూడా చెప్పలేదు. డైరీలో రాసుకున్నాను, టైపు నేర్పే అక్కకు చెప్పాను. అక్కడ నాకు గొంతు పెగిలేది ఆమె దగ్గరే.

ఆయుధపూజ నాడు సార్ కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం పంచడానికని ముందరి గదిలోకి వెళ్లారు. కొబ్బరినీళ్ల చెంబు అక్క తీసుకుంది. టైపు మిషన్లన్నిటి మీదా చల్లుకుంటూ వచ్చి, మానిటర్ నెత్తిన గాలి కోసం ఉన్న సందుల్లో ఓ పుడిసెడు పోసింది.

"అక్కా, లోపలికి పోతాయేమో."

"దేవుని నీళ్లు పాపా, ఏం కాదులే."

కొన్నాళ్లకు అక్షరాలు వణకడం మొదలైంది. ఒకరోజు బొమ్మంతా కుంచించుకుపోయి తెర నడుమ ఒక్క పచ్చగీత మిగిలింది. సార్‌కు చెప్పాలి. నోరు రాలేదు. జరిగిందంతా డైరీలో రాసి ఆ పేజీ అక్కకు చూపించాను.

"నేను చెప్తాలే సార్‌తో. నువ్వు నోరు తెరవగాకు" అంది. గుండె తేలికపడింది.

టీవీలు బాగుచేసే ఆయన వచ్చాడు. వెనక డొప్ప ఊడదీసి, "ఎవురూ చెయ్యి పెట్టగాకండప్పా, ఆపినా దీంట్లో కరెంటు నిలిచుంటాది" అని, స్క్రూడ్రైవర్‌కు తీగ చుట్టి లోపల తాకించి, ఆ కరెంటును టప్పుమని దించేశాడు. లోపలికి చూసి నవ్వాడు.

"చీమలు కాపరం పెట్టినాయి సార్. ఈడ చిలుము అతుకును తినేసింది. ఏం తాపించినారు దీనికి, పానకమా?"

అతుకు గీకి, సీసం కరిగించి మళ్లీ వేశాడు. గీత విచ్చుకుని బొమ్మయింది గానీ పొట్టిగా ఉంది. ఎత్తు సరిచేసే మర వెనక ఉంటుంది. అక్కణ్ణుంచి ఆయనకు తెర కనబడదు. అందుకని నన్ను తెర ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడమన్నాడు.

అప్పుడే సార్ అడిగారు. "ఎవురు పోసినారు దీంట్లో?"

అక్క వైపు చూశాను.

"రోజూ దీని ముందర కూచునేది ఈ పాపే గద సార్" అంది అక్క. "నీళ్లు పడిన సంగతి ఆ పాపకు తెలుసు. డైరీలో గూడా రాసుకునింది, నేనే చదివినా. మీకొక్క మాటన్నా చెప్పిందా?"

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నీళ్లు పోసిన చెయ్యి మాత్రం అందులో లేదు. నోరు తెరిచాను.

"చెప్పేదానికే నోరు రాదు, నలుగురికేం నేర్పిస్తావ్?" అన్నారు సార్. "ఆ బ్యాచికి డోన్ నుంచి మనిషిని పిలిపిస్తాలే."

"అద్దం వంగిపోతాంది తల్లీ, నిటారుగా పట్టు" అని వెనక నుంచి కేక. పట్టుకున్నాను. అక్షరాలు సాగి తెరంతా నిండాయి. ఎత్తు చాలునా అని ఆయన అడిగాడు. తలూపాను.

అద్దం దింపగానే అక్క వచ్చి భుజం మీద చెయ్యేసింది. "టీ తాగి పోదువులే పాపా, బస్సుకు ఇంకా టైముంది గదా."

ఆ చెయ్యి తీసెయ్యడం కూడా నాకు చేతకాలేదు.